వీధిపోటు ఇల్లు

ఇళ్లు అమ్మిపెట్టే పనిలో నాకు కలిగే సంతోషంలో సగం పగే. దాచడం ఎందుకు, ముందే చెప్పేస్తున్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు ఊళ్ల మధ్య పాత స్కూటర్ మీద తిరుగుతూ పదిహేనేళ్లకు పైగా ప్లాట్లు, ఇళ్లు చూపిస్తున్నాను. తాళంచెవి చేతిలో పడగానే కొందరు ఏడుస్తారు. కొందరు గడపకు దండం పెడతారు. నాగర్‌కర్నూల్లో ఒక లారీ డ్రైవరైతే నన్ను ఎంత గట్టిగా వాటేసుకున్నాడంటే వారం రోజులు మెడ తిరగలేదు. వాళ్లను చూస్తే నాకూ కళ్లు చెమరుస్తాయి, అబద్ధం కాదు. కానీ అదే నిమిషంలో నా లోపల ఇంకొకడు లేచి కూర్చుని, "ఇంకోటి తగిలింది ముసలోనికి" అంటాడు. ఆ ముసలోడెవరో చెప్పాలి.

నా పెళ్లయిన కొత్తలో గద్వాలలో ఎరువుల దుకాణంలో పనికి కుదిరాను. మాది గట్టు దగ్గర పల్లె. అమ్మా నాన్నా సీడు పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లు. దుకాణానికి దగ్గర్లో ఒక సర్కారు ఉద్యోగి ఇంటి వెనక గది అద్దెకు దొరికింది. ఆయన పరమ మర్యాదస్తుడు. నాలాంటి కుర్రవాణ్ణి కూడా "మీరు" అనేవాడు. అప్పుడు నా భార్యకు ఐదో నెల. "బరువులు మోయకమ్మా" అని ఒకసారి నీళ్ల బిందె తానే గడప దాకా తెచ్చిపెట్టాడు. దేవుడిలాంటి మనిషి దొరికాడని మేమిద్దరం మురిసిపోయాం.

నాలుగో రోజు మా అమ్మ కొత్త కాపురం చూడటానికి వచ్చింది. జొన్నల సంచీ నెత్తిన పెట్టుకుని, బస్సు దిగి, అడుక్కుంటూ ఇల్లు పట్టుకుంది. గేటు దగ్గర ఆయనే ఎదురయ్యాడు. నన్ను అడగని మాట ఆమెను అడిగాడు.

"ఏమోళ్లమ్మా మీరు?"

మా అమ్మకు అబద్ధం రాదు. మా కులమేదో చెప్పింది.

నేను సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి మా సామాను వీధిలో ఉంది. నా భార్య ట్రంకుపెట్టె మీద కూర్చుంది. మా అమ్మ ఇంకా జొన్నల సంచీ కింద పెట్టలేదు, ఎక్కడ పెట్టాలో తెలియక నెత్తినే మోస్తోంది. ఆయన గేటు లోపల నిలబడి ఎంతో నెమ్మదిగా అన్నాడు: "ఏమనుకోకండ్రి. నాకైతే ఏం లేదు. చుట్టుపక్కలోళ్లు ఊరుకోరు." తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ సాయంత్రం తెలిసింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి. మర్యాదగా మాట్లాడేవాణ్ణి ఏమని తిట్టను? చుట్టుపక్కలవాళ్లు మాత్రం గుమ్మాల్లో నిలబడి చూశారు.

రిక్షా మీద సామాను వేసుకుని బస్టాండుకు పోతుంటే మా అమ్మ దారి పొడవునా ఒకటే ఏడుపు. "నేను రాకుంటే అయిపోవు గద బిడ్డా. నా నోట్ల మన్నువడ." తర్వాత మేం వనపర్తిలో స్థిరపడ్డాం. అక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. అయినా మా అమ్మ పోయేదాకా, మా ఇంటికి రావాలనుకున్నప్పుడల్లా ముందు ఫోన్ చేసి అడిగేది. "నేనొస్తే మీకేమన్న అయితదా బిడ్డా?" కన్నతల్లి కొడుకు ఇంటికి రావడానికి అడిగే మాటేనా అది! ఆ ఒక్క మాటకు నేను ఆ మనిషిని క్షమించలేదు. క్షమించను కూడా.

ఇళ్ల పనిలోకి వచ్చాక నా పగకు ఒక దారి దొరికింది. ఇల్లు ఇచ్చేది లేదని ఎవరెవర్ని తిప్పి పంపించారో వాళ్లను వెతికి పట్టుకోవడం మొదలుపెట్టాను. వనపర్తిలో మొగుడు వదిలేసిన టైలరమ్మకు రెండు గదుల ఇల్లు ఇప్పించాను. అచ్చంపేటలో ఒక దవాఖాన నర్సుకు మెయిన్ రోడ్డు పక్కనే ఇప్పించాను. ఒంటరి ఆడవాళ్లకు ఇచ్చేది లేదన్న వీధుల్లోనే ఇప్పించాను. తోటి ఏజెంట్లు నన్ను చూసి, "పుణ్యం మూట కడుతుండు" అని ఎగతాళి చేసేవాళ్లు. పుణ్యం నా మొహం! కుక్క కాటుకు చెప్పు దెబ్బ, అంతే.

రాజోలి ఆమె నా దగ్గరికి వచ్చింది రెండేళ్ల కింద. ఊరు రాజోలి దగ్గర. మొగుడూ పెళ్లాం ఇరవై ఏళ్లు పూనాలో బిల్డింగు పని చేశారు. ఆయన సెంట్రింగ్ పని, ఆమె ఇటుకల మోత. అపార్ట్‌మెంట్లు ఎన్ని కట్టారో వాళ్లకే లెక్క తెలియదు, ఉన్నది మాత్రం రేకుల షెడ్లలో. ఆయన పరంజా మీంచి పడి కాలు విరిగాక ఊరికి తిరిగొచ్చేశారు. కాలు అతికింది కానీ మోకాలు వంగదు. గద్వాలలో ఆమె ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. మూడేళ్లలో ఐదు ఇళ్లు మారారు. ఆదివారం ప్రార్థనకు నలుగురు వస్తే ఒక ఓనరుకు గిట్టలేదు. కూర వాసన ఇంకొకరికి గిట్టలేదు. ఇప్పుడున్నది మేడ మీద గది. ఆయన పొద్దున కూర్చుని కూర్చుని ఒక్కో మెట్టూ దిగి, మళ్లీ అలాగే ఎక్కుతున్నాడు. దాన్ని కూడా నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు.

"అన్నా, మెట్లు లేని ఇల్లు గావాలె. లోపలనే లెట్రిన్ ఉండాలె. మల్ల ఎవలు గూడ మమ్ముల పొమ్మనొద్దు. గంతే," అంది.

వాళ్ల పొదుపుకు తగ్గ ఇల్లు గద్వాలలో దొరకడం కష్టం. కొత్త జిల్లాలు అయ్యాక రేట్లు చెట్టెక్కి కూర్చున్నాయి. నెల రోజులు తిరిగాను. అప్పుడే హైదరాబాదులో స్థిరపడిన ఒకాయన ఫోన్ చేసి, గద్వాలలో తన పాత ఇల్లు నాలుగేళ్లుగా ఖాళీగా పడి ఉంది, అమ్మిపెట్టమన్నాడు. రేటు విని నేను నమ్మలేదు. ఎందుకంత అగ్గువ అని అడిగితే, దానికి వీధిపోటు ఉందట, ఎవరూ కొనడం లేదన్నాడు. వీధి నేరుగా వచ్చి ఇంటి గేటుకు తగిలితే వీధిపోటు అంటారు. అలాంటి ఇంట్లో మనుషులు నిలవరని నమ్మకం. సరే చూద్దామని పోయాను.

వీధి మలుపు తిరగ్గానే నా కాళ్లు ఆగిపోయాయి. అది మా సామాను బయటేసిన ఆయన వీధి. అమ్మే ఇల్లు ఆయన పక్క ఇల్లు. మధ్యలో ఒక్కటే గోడ. పాతికేళ్లలో నేను ఎప్పుడూ ఆ వీధిలోకి తిరిగి రాలేదు. గేటుకు రంగు మారింది, అంతే. ఆ గేటు ముందు నిలబడితే, నిజం చెప్పొద్దూ, ఒళ్లంతా జ్వరం వచ్చినట్టు కాలిపోయింది.

వీధిపోటు సంగతి ఎదురింటి ముసలమ్మ చెప్పింది. వచ్చిన ప్రతి బేరగాణ్ణీ పక్కింటి సారే పిలిచి, టీ తాగించి, "మంచి ఇల్లే, కాని పోటు ఉన్నది. పిల్లలుగలోళ్లు, జర సూసుకోండ్రి" అని నెమ్మదిగా చెప్పి పంపేవాడట. "ఎవలు కొనకుంటే అగ్గువకు తనే తీసుకొని కలుపుకుందామని. నాకు తెల్వదా గాయన సంగతి!" అని ముసలమ్మ ముక్కు విరిచింది. అసలు చూస్తే ఆ వీధి నేరుగా గేటుకు తగలడం లేదు, నాలుగడుగులు పక్కకే పోతుంది. అయినా ఒకసారి పేరు పడ్డాక ఎవడు టేపు పెట్టి కొలుస్తాడు?

అప్పుడు నాకు బుర్రలో దీపం వెలిగింది. వీధిపోటు పట్టించుకునేవాళ్లు ఈ ఇల్లు కొనరు. పట్టించుకోనివాళ్లు ఎవరు? ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లు. ఎవరైతే తన పక్కన ఉండకూడదని ఆయన అనుకుంటాడో, వాళ్లకు సరిపోయేలా ఆ ఇంటి ధర నాలుగేళ్లు కష్టపడి ఆయనే తగ్గించిపెట్టాడు. స్కూటర్ మీద కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

కానీ మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇల్లయినా చేనయినా అమ్మేముందు పక్క హద్దువాడిని అడగాలి. ఆయన వద్దంటేనే బయటివాళ్లకు ఇవ్వాలి. కాగితం మీద లేకపోయినా ఈ మాట తప్పితే తర్వాత పంచాయితీ ఖాయం. అందుకని ఇంటాయనను హైదరాబాదు నుంచి రప్పించి, ఎదురింటి ముసలమ్మను వెంటబెట్టుకుని ముసలాయన గేటు దగ్గరికి పోయాను. బయటికొచ్చాడు. మనిషి వంగిపోయాడు, మర్యాద మాత్రం అలాగే ఉంది. నా మొహం వైపు ఒకసారి చూసి, ఏజెంటుగాణ్ణి ఏం చూస్తాంలే అన్నట్టు ఇంటాయన వైపు తిరిగాడు.

"సార్, మీరు హద్దోళ్లు. ముందు మీకే చెప్తున్నం. తీసుకుంటరా?" అన్నాను.

"గా పోటిల్లు నాకెందుకయ్యా?" అన్నాడు. ఇంకొంచెం బెట్టు చేస్తే ఇంకొంచెం తగ్గుతుందని ఆయన లెక్క.

"మీరు వద్దంటేనే బయటోళ్లకు ఇస్తం. మల్ల మాట రావొద్దు."

"ఇచ్చుకోండ్రి. ఎవలు కొంటరో నేను గూడ సూస్త."

ముసలమ్మ, ఇంటాయన ఇద్దరూ విన్నారు. నాకు కావలసింది అదే.

మర్నాడే రాజోలి ఆమెను, ఆమె మొగుణ్ణి తీసుకొచ్చాను. ఇల్లు కొనేవాళ్లు ముందు దేవుడి గది ఎటుందని అడుగుతారు. ఆమె వేళ్ల కణుపులతో గోడలు తడుతూ పోయింది. "ఇక్కడ గుల్లగున్నది అన్నా. ప్లాస్టర్ చేసిన్నాడు నీళ్లు కొట్టలే." స్లాబు కింద నిలబడి పది నిమిషాలు పైకి చూసింది. "స్లాబు మంచిదే. కురవదు." ఆయన వాకిట్లో ఉన్న రెండే మెట్ల ఎత్తును చేతికర్రతో కొలుచుకుని, "ఎక్కొచ్చు" అన్నాడు. ఆ రోజు మొత్తం ఆయన మాట్లాడింది అదొక్కటే. వీధిపోటు సంగతి నేనే దాచకుండా చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"తొవ్వ నేరుగ ఇంటికొస్తే మంచిదే గద అన్నా! అంబులెన్సు ఇల్లు దేవులాడకుంట వస్తది."

పోతూ పోతూ గేటు దగ్గర ఆగి అడిగింది. "సుట్టుపక్కలోళ్లు ఎట్లుంటరన్నా?"

"మంచోళ్లే చెల్లె," అన్నాను.

ఆ రాత్రి అన్నం తింటూ ఇదంతా నా భార్యకు చెప్పాను. ఏ ఇల్లో వినగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. "గా తల్లికి చెప్పినవా, ఆయన ఎసోంటోడో?" అంది. చెబితే భయపడి వెనక్కి పోతుందన్నాను. "భయపడుతదా, పడదా, ఆమె ఇష్టం. నీదా?" అంది. నేను మజ్జిగ పోసుకుని మాట మార్చాను.

అగ్రిమెంట్ అయ్యాక ఆమె ఇల్లు కడగడానికి వచ్చింది. వెంట ప్రార్థన సంఘం ఆడవాళ్లు ముగ్గురు. చీపుర్లు పట్టుకుని, పాటలు పాడుకుంటూ. మూడో రోజుకల్లా గద్వాల బస్టాండు దగ్గర ఉన్న నా ఆఫీసు గదికి ముసలాయన ఆటోలో వచ్చాడు. కుర్చీ వేశాను. మంచినీళ్లిచ్చాను. మర్యాద ఆయన దగ్గరే నేర్చుకున్నాను కదా.

"ఆ ఇల్లు నేనే తీసుకుంట. రేటు గూడ ఎక్కువిస్త," అన్నాడు.

"పోటు ఉన్నది గద సార్. మీ అసోంటి పెద్దమనిషికి పోటిల్లు ఎట్ల ఇస్తం?"

మంచినీళ్ల గ్లాసు పక్కకు జరిపాడు. "పోటు లేదయ్యా. నేనే పొరపాటు పడ్డ."

"ఏంది సార్? జర గట్టిగ చెప్పండ్రి. ఫ్యాన్ చప్పుడుకు వినబడ్తలేదు."

"ఆ ఇంటికి వీధిపోటు లేదు!"

పక్క జిరాక్సు దుకాణం వాళ్లు కూడా తొంగి చూశారు. నాలుగేళ్లు టీ తాగించి మరీ ఊరంతా చాటిన అబద్ధాన్ని నా ముందు కూర్చుని తానే కక్కాడు. అయ్యా, ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో నేను చెప్పలేను. మూడోసారి కూడా చెప్పించేవాణ్ణే, కానీ ఆయనకు దగ్గు వచ్చింది. "అగ్రిమెంట్ అయిపోయింది సార్. మీరు వద్దన్నంకనే ఇచ్చినం," అని గుమ్మం దాకా సాగనంపాను.

ఆయన ఊరుకోలేదు. హైదరాబాదుకు ఫోన్ చేసి ఇంటాయన మనసు విరిచే పని పెట్టాడు. వీధి పాడవుతుందన్నాడు, పాత స్నేహం గుర్తు చేశాడు. ఇంటాయన ఊగిసలాడుతున్నాడని తెలిసి నాకు రెండు రోజులు తిండి సయించలేదు. మేడ మీది గది ఖాళీ చేసే రోజు దగ్గరపడింది, రాజోలి ఆమె సామాను అప్పటికే మూటలు కట్టింది. చివరికి ఎదురింటి ముసలమ్మ ఇంటాయనకు ఫోన్ చేసి దులిపేసింది. "నా ముంగట వద్దన్నడు, నువ్వు గూడ ఉంటివి. మాట మీద నిలవడకుంటే మీ నాయిన పేరు తియ్యకు." ఆ ఫోనుతో పని అయిపోయింది.

రిజిస్ట్రేషన్ రోజు దస్తావేజు రాసేవాడు నాలుగు హద్దులూ అడిగి రాశాడు. పడమర హద్దులో ముసలాయన పేరు, తండ్రి పేరుతో సహా రాయించాను. ఇక ముందు ఆయన తన ఇంటిని పిల్లలకు రాసిచ్చినా, బ్యాంకులో పెట్టినా, ఆయన కాగితంలో తూర్పు హద్దుగా రాజోలి ఆమె పేరు రాయాల్సిందే. చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఆమె సంతకం పెట్టింది. బయటికొచ్చాక కాగితాలు కొంగులో చుట్టి, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఆటో ఎక్కింది. ఆ రోజు మాత్రం నాకు పగ గుర్తు రాలేదు.

ఇల్లు చేరే రోజు మధ్యాహ్నం ప్రార్థన పెట్టుకున్నారు. నేనూ నా భార్యా వనపర్తి నుంచి వచ్చాం. వాకిట్లో చిన్న షామియానా, పొయ్యి మీద బిర్యానీ గిన్నె. ఎదురింటి ముసలమ్మ అందరికంటే ముందు వచ్చి కుర్చీలో కూర్చుంది. రాజోలి ఆమె మొగుడు కొత్త చొక్కా వేసుకుని, ఆ రెండు మెట్లూ ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు, ఊరికే. ప్రార్థన అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్లు మాత్రం పక్క గేటు మీదే. ముసలాయన బయటికి రాలేదు. ఇంత చేశాక ఆయన చూడకపోతే ఎట్లా?

నేను పోయి ఆయన గేటు గొళ్లెం గట్టిగా ఆడించాను. వచ్చాడు.

"నేనెవలో గుర్తువట్టిండ్రా సార్?"

"ఏజెంటువు గద."

"పాతికేండ్ల కింద మీ ఎనక గదిల ఉంటిమి. నా పెండ్లాం కడుపుతోని ఉండె. మా అమ్మను ఏమోళ్లని అడిగి, సామాను బైటేసిండ్రు. ఈ ఇల్లు నేను కావాలెనని మీ పక్కన ఇప్పించిన. సచ్చేదాక సూస్కోండ్రి!"

గొంతు ఎంత లేచిందో నాకు తెలియలేదు. ఆయన కళ్లు చికిలించి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. నిజంగానే వెతికాడు, పాపం. దొరకలేదు. "గా గదిల చానమంది ఉండిండ్రయ్యా. యాదికి లేదు," అన్నాడు. మా అమ్మ చచ్చేదాకా మోసింది ఈయనకు గుర్తు కూడా లేదు. యాదికి లేకుంటే యాది చేస్తానని గేటు తోసి లోపలికి అడుగు వేశాను.

"అన్నా."

వెనక రాజోలి ఆమె నిలబడి ఉంది. చేతిలో గరిటె. వాకిట్లో అందరూ మాటలాపి ఇటే చూస్తున్నారు.

"ఈయన మీకు ముందే తెల్సా?" అంది.

నేను లోపలికి వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

"సుట్టుపక్కలోళ్లు ఎట్లుంటరని అడిగిన గద. మంచోళ్లే అంటిరి."

"చెల్లె, నీకోసమే..."

"నాకోసమైతే నాకు చెప్తుంటిరి. చెప్పినా కొంటుంటి. గింతకన్న చెడ్డోళ్ల పక్కన గూడ బతికిన." ఆమె గొంతు పెంచలేదు. "మీరు మాపటికి వనపర్తి పోతరు. రేపొద్దున వాకిలి ఊడ్సెటప్పుడు ఈయన మొకం సూడాల్సింది నేను. మీ పగ మీరు తీస్కపోండ్రి. నా ఇంటి ముంగట లొల్లి వద్దు."

తర్వాత ముసలాయన వైపు తిరిగింది. "సార్, ఎండల నిలవడకండ్రి. బువ్వ పంపిస్త. తింటే తినుండ్రి, లేకుంటే లేదు." ఆయన తలూపలేదు, కాదనలేదు. తలుపు వేసుకున్నాడు.

నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. నా భార్య వైపు చూశాను. ఆమె విస్తరి ముందు కూర్చుని, "నువ్వు నడువు. నేను తిని బస్సుకొస్త," అంది. రాజోలి ఆమె మళ్లీ నా వైపు తిరిగింది.

"పోండ్రి అన్నా. ఇంకోనాడు మంచిగ రాండ్రి."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. స్కూటర్ రెండు కిక్కులకు గానీ స్టార్ట్ కాలేదు. బీచుపల్లి బ్రిడ్జి దాటేదాకా ముసలాయనను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆయన మీద నా కోపం ఇప్పటికీ వీసమెత్తు తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోవడం కూడా లేదు. పెబ్బేరు దగ్గర టీకి ఆగినప్పుడు మాత్రం ఒక సంగతి తట్టి, గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. పూనాలో, గద్వాలలో ఎవరెవరో పొమ్మంటే మూటలు కట్టుకుని పోయిన మనిషి ఆమె. ఆ రోజు మొదటిసారి తన ఇంటి ముందు నిలబడి ఇంకొకరిని పొమ్మంది. ఆమె పొమ్మన్నది నన్ను.